సమాజశాస్త్రపీఠములు – మన గ్రామములు

మొవ్వ మండలములోని కూచిపూడి గ్రామము నాట్యమునకు లోకప్రసిద్ధము. అచ్చట పురుషులు స్త్రీవేషము ధరించు సంప్రదాయమునకును, బ్రాహ్మణకుటుంబముల కులమర్యాదకును గల సంబంధమును పరిశోధించిన ఆంగ్లగ్రంథ మొకటి 2019లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ ముద్రణాలయమునుండి వెలువడెను. దానిని రచించిన ఆచార్య హర్షిత కామత్ అమెరికాలోని ఎమరీ విశ్వవిద్యాలయమున కొప్పాక విశ్వేశ్వరరావు, సీతల పేర వెలసిన తెలుగు ఆచార్యపీఠము నధిష్ఠించిన విదుషి. ఆ పీఠమునకు ప్రవాసాంధ్రులు విరాళము లొసంగిరి. గ్రామము మనది, ద్రవ్యము మనవారిది. విద్యాపీఠము మాత్రము సముద్రముల కావల నున్నది. ఇందు నిందింపదగిన దేమియు లేదు. అయినను మన విద్యాపీఠము లేమి చేయుచున్నవని ప్రశ్నించుకొనుటకు ఇది తగిన సందర్భము.

ఈ పరిస్థితి నేటిది కాదు. డెల్టా జిల్లాలలో కులమునకును కమ్యూనిస్టు ఉద్యమమునకును గల సంబంధమును గూర్చి 1956లో విరివిగా చర్చకు వచ్చిన వ్యాసమును వ్రాసినది అమెరికా పాత్రికేయుడు సెలిగ్ హారిసన్. కోస్తా రైతు పొలముపై మిగిల్చిన సొమ్మును పట్టణ వ్యాపారములలోనికి మరల్చి పెట్టుబడిదారుడైన వైనమును 1988లో ‘ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ’లో వివరించినది కెరోల్ ఉపాధ్య. మన చరిత్రను మనమే పరుల గ్రంథములనుండి తెలిసికొనవలసి వచ్చినది.

మనకు శక్తి లేక ఇట్లయినదా? కాదు. ఉస్మానియా విశ్వవిద్యాలయమున అధ్యాపకుడైన శ్యామాచరణ్ దూబే 1951–52లో సహచరబృందముతో హైదరాబాదు సమీపమున గల శామీర్‌పేట గ్రామమును పరిశీలించి, 1955లో ‘ఇండియన్ విలేజ్’ అను గ్రంథమును ప్రకటించెను. భారతగ్రామమును గూర్చి చదువదలచిన వారందరును నేటికిని దానిని తెరచి చూచుచునే యున్నారు. ఉద్యోగస్థైర్యము, కాలావకాశము, తోడ్పడు సహచరులు లభించినచో తెలుగుదేశపు విద్యాపీఠమునుండియే ప్రపంచము చదువదగిన పరిశోధన వెలువడగలదని ఆనాడే ఋజువైనది.

నేడు కొరవడినవి ఈ మూడును. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2023లో విశ్వవిద్యాలయములయందు 3,220 అధ్యాపకపదవులను నింప సంకల్పించెను. అందు ఆచార్యపదవులు 418, సహాచార్యపదవులు 801, సహాయాచార్యపదవులు 2,001. ఇన్ని పదవులకు ఒక్కమారు ప్రకటన లీయవలసి వచ్చుటయే గడచిన సంవత్సరముల ఉపేక్షకు సాక్ష్యము. ఆ ప్రకటనలు సయితము న్యాయస్థాన వివాదములలో చిక్కుకొనెను. ఒప్పందపు అధ్యాపకుల సంఖ్య మొత్తము పదవులలో నూటికి పదింటిని మించరాదని విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2018 నిబంధనలలో విధించెను. ఖాళీలు పేరుకొనిపోయిన తావుల నిట్టి హద్దు నిలుచు టెట్లు?

రిజర్వేషన్ల క్రమమును లెక్కించుటలో తప్పిన అడుగును వ్యయమే. శాఖను ప్రమాణముగా గొనవలెనా, విశ్వవిద్యాలయమును ప్రమాణముగా గొనవలెనా యను వివాదము కేంద్ర విశ్వవిద్యాలయములలో నియామకముల నాపివైచి, 2019లో పార్లమెంటు చట్టము చేయువరకును తేలలేదు. ఇద్దరు ముగ్గురు అధ్యాపకులే గల సమాజశాస్త్రమువంటి చిన్న శాఖను ప్రమాణముగా గొన్నచో వెనుకబడిన వర్గములవారికిని, దళితులకును, గిరిజనులకును వంతు వచ్చుటకే ఏండ్లు పూండ్లు గడచును. సమాజమును పరిశోధించు శాఖలోనికే సమాజమందలి సగముమంది ప్రవేశింపలేకపోవుట ఎంతటి విపరీతము!

పరిశోధనను కొలుచు పద్ధతియు అట్లే యున్నది. పదోన్నతికి వ్యాసముల సంఖ్య ముఖ్యమగుటతో, రుసుము పుచ్చుకొని ఏదైనను అచ్చువేయు పత్రికలు పుట్టగొడుగులవలె మొలచెను. వానిని అరికట్టుటకై నిధుల సంఘము ఏర్పరచిన ‘కేర్’ పత్రికల జాబితా 2025లో రద్దయినది. ఒక గ్రామమున రెండేండ్లు మసలి ఒక గ్రంథము వ్రాయువానికంటె, ఊరు దాటకయే ఏటికి నాలుగు వ్యాసములు ప్రకటించువాడు ముందునకు పోవు లెక్క ఇది. ఒప్పందము ఏటేట పునరుద్ధరింపబడునో లేదో యని దిగులు చెందు అధ్యాపకుడు ఏ దారి పట్టునో వేరుగ చెప్పవలెనా?

ఇంతకంటె ముఖ్యమైన సంగతి యొకటి కలదు. అది భూవసతి గల పాఠకులకు రుచింపకపోవచ్చును. మన డెల్టాలో భూమి యజమాని పేరొకటి, దున్నువాని పేరొకటి. 2019 నాటి పంటసాగుదారుల హక్కుల చట్టము ప్రకారము యజమాని పదునొకండు నెలల ఒప్పందముపై సంతకము చేసిననే కౌలుదారునకు కార్డు లభించును. సంతకము చేయుటకు వెనుకాడు యజమానులనేకులు. నోటిమాటపై సాగు చేయు కౌలుదారులనేకులు. అప్పు, పంటల బీమా, తుపాను నష్టపరిహారము ఎవరికి చేరవలెనో తేల్చుటకు తొలుత ఎవరు దున్నుచున్నారో తెలియవలెను గదా! రెవెన్యూ ఉద్యోగి ఈ ప్రశ్న యడిగినచో భయము. రాజకీయ కార్యకర్త యడిగినచో అనుమానము. ఏ పక్షమునకును చెందక, పేర్లు వెల్లడింపక, మొవ్వనుండి దివిసీమవరకు ఇల్లిల్లు తిరిగి నిజము వ్రాయగలవాడు విద్వాంసు డొక్కడే. వాని ఉద్యోగము స్థిరమైనగాని వాడు మన మొగము చూచి మనకు నచ్చని ప్రశ్న వేయజాలడు. శాశ్వత నియామకము అధ్యాపకుని సుఖమునకే యనుకొనుట పొరపాటు. అది సత్యమునకు కావలసిన రక్షణ.

కావున ప్రభుత్వము ఖాళీల పట్టికను, రిజర్వేషన్ల క్రమమును శాఖలవారీగ ప్రజలకు వెల్లడించి, వ్యాజ్యములకు తావీయక నియామకములు పూర్తిచేయవలెను. 2008లో బందరున వెలసిన కృష్ణా విశ్వవిద్యాలయమునకు ఈ డెల్టాయే ప్రయోగశాల కాదగును. ఇచ్చటి గ్రామములను దీర్ఘకాలము పరిశోధించు భారమును అది శాశ్వత అధ్యాపకులపై నుంచవలెను. అట్లాంటాలో పీఠమును నిలిపిన ఔదార్యము బందరునందు మరియొక దానిని నిలుపలేదా? ఇక భూస్వాములు చేయవలసిన దొకటే: ప్రశ్నించుటకు వచ్చిన పరిశోధకునికి తలుపు తెరచి, ఉన్నది యున్నట్లు చెప్పవలెను. మన గ్రామముల నిజమును మనమే దాచుకొన్నచో, దానిని పరులు వ్రాసిరని వగచు హక్కు మన కుండదు.