సూదులకి వెళ్ళేముందు...

మా నౌపడ తెలియనివాళ్ళకి ఒక్క ముక్క. హౌరా-చెన్నై లైన్లో, టెక్కలి దగ్గర, గుణుపూర్ వైపు వెళ్ళే రైలు లైను చీలే చోటు. ఉప్పుకి పేరు. ఎండలో ఉప్పుమడుల్లో వంగి పనిచేసేవాళ్ళకీ, ఏసీలో కుర్చీలో వంగి కోడు రాసే మనకీ ఒకటే పోలిక: ఒళ్ళు నొప్పులు.

మొన్న ఊరెళ్తే ఒక పెదనాన్న (వరసకే లెండి) అడిగాడు, "ఏటి బాబూ, సూదులేయించుకుంటే మోకాలి నొప్పులు పోతాయంట, నిజమేనేటి?" అని. మెడనొప్పితో మా ఆఫీసువాళ్ళూ ఇదే అడుగుతున్నారు. నేను డాక్టర్ని కాను. కానీ చదివిందీ, నాకు తోచిందీ ఇద్దరికీ కలిపి చెప్తాను. నా ఉద్దేశంలో నొప్పులకి అక్యుపంక్చర్ ప్రయత్నించి చూడొచ్చు, కాకపోతే గడువు పెట్టుకుని.

ముందు సూది భయం సంగతి. ఇంజెక్షన్ సూది మందు ఎక్కించడానికి, అందుకే లోపల బోలుగా ఉంటుంది. ఇది బోలు లేని సన్నటి తీగ, మామూలుగా పావు మిల్లీమీటరు మందం. గుచ్చినప్పుడు దోమ కుట్టినట్టు చిన్న చురుకు, తరవాత ఆ చోట బరువుగానో తిమ్మిరిగానో ఉంటుంది. అది మామూలే. భరించలేని నొప్పి మాత్రం మామూలు కాదు, వెంటనే చెప్పాలి.

మొదటిరోజు ఎక్కువ సమయం మాటల్లోనే పోతుంది. నొప్పి ఎప్పట్నించి, నిద్ర, అరుగుదల, వాడే మందులు అన్నీ అడుగుతారు. నాడి చూస్తారు, నాలుక చూపించమంటారు. మోకాలికని వెళ్తే చేతికీ గుచ్చుతారు, కంగారు పడకండి. ఓ పది సూదులు, కాస్త అటూ ఇటూగా, పావుగంట నుంచి అరగంట ఉంచుతారు. కొన్నిచోట్ల సూదులకి సన్నగా కరెంటు కూడా పెడతారు. గుండెకి పేస్‌మేకర్ ఉన్నవాళ్ళు ముందే చెప్పాలి. రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళు, గర్భిణులు, షుగరు వల్ల కాళ్ళు మొద్దుబారినవాళ్ళు కూడా. ఖాళీ కడుపుతో వెళ్తే కళ్ళు తిరగొచ్చు, ఏదైనా తిని వెళ్ళండి. సూదుల పాకెట్టు మీ ఎదురుగా విప్పాలి, వాడాక పారెయ్యాలి. ఈ విషయంలో మొహమాటం వద్దు.

సరే, అసలు ప్రశ్న. పనిచేస్తుందా? జర్మనీలో 2007లో వెలువడిన పరిశోధన ఒకటుంది. నడుంనొప్పి ఉన్న 1162 మందిని మూడు గుంపులు చేశారు. ఆరు నెలల తరవాత చూస్తే, శాస్త్ర ప్రకారం సూదులు వేసినవాళ్ళలో 47.6 శాతం మందికి గుణం కనిపించింది. పాయింట్లు కాని చోట పైపైన గుచ్చినవాళ్ళలో 44.2 శాతం. మామూలు వైద్యం (మందులు, వ్యాయామం వగైరా) చేయించుకున్నవాళ్ళలో 27.4 శాతం. టెస్టింగ్ చేసేవాళ్ళకి ఇది చూడగానే వెలుగుతుంది. ఏదో పనిచేస్తోంది, కానీ ఆ పనిచేసేది పాయింట్ల పటమేనా అన్నది అనుమానమే. మోకాళ్ళ అరుగుదలకైతే పెద్దవాళ్ళకే పొత్తు కుదరలేదు. అమెరికా కీళ్ళ వైద్యుల సంఘం 2019లో షరతులతో సరే అంది, బ్రిటన్ వైద్య మార్గదర్శక సంస్థ నైస్ 2022లో వద్దంది.

అయినా ప్రయత్నించొచ్చని ఎందుకంటున్నానంటే, మాకు ఉత్తరాన ఉద్దానం ఉంది. అక్కడి కిడ్నీ జబ్బుకి ఇదీ కారణమని ఇదమిత్థంగా తేలలేదు. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి ప్రారంభించాల్సి వచ్చిందంటే తీవ్రత అర్థం చేసుకోండి. కారణం ఏదైనా, డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి బిళ్ళలు దెబ్బతిన్న కిడ్నీని ఇంకా దెబ్బతీస్తాయన్నది మాత్రం ఖాయం. నొప్పి వచ్చినప్పుడల్లా మందుల షాపులో చీటీ లేకుండా రెండు బిళ్ళలు కొని మింగే చోట, ఆ బిళ్ళల్ని తగ్గించే దారి ఏదైనా నాకు ముద్దే. కానీ మా పెదనాన్నకి నేను చెప్పేది, ముందు క్రియాటినిన్ పరీక్ష, తరవాతే సూదులు.

ఖర్చు సంగతీ చూడాలి. ఒక్క సిట్టింగుతో తేలేది కాదిది. వారానికి రెండుసార్లు విశాఖ రైలెక్కితే కూలిమనిషికి రెండ్రోజుల కూలి పోయినట్టే. కాబట్టి అమెరికా మెడికేర్ 2020లో నడుంనొప్పికి పెట్టిన లెక్క మనమూ వాడుకోవచ్చు: 90 రోజుల్లో 12 సిట్టింగుల దాకా, మెరుగుంటేనే ఇంకో 8, లేకపోతే ఆపెయ్యడం. రోజూ నొప్పికి పదికి ఎన్ని మార్కులో, ఎన్ని బిళ్ళలు మింగారో రాసిపెట్టుకోండి. ఆరో సిట్టింగుకి కూడా ఆ కాగితం మీద తేడా కనపడకపోతే డాక్టరుని గట్టిగా అడగండి. "ఇంకో పది చేద్దాం" అనేది జవాబు కాదు.

మన దేశంలో కేంద్రప్రభుత్వం 2003లో దీన్ని చికిత్సా పద్ధతిగా అనుమతించింది, 2019లో స్వతంత్ర వైద్య విధానంగా గుర్తించింది. గుర్తింపు పద్ధతికే కానీ బోర్డు కట్టిన ప్రతివాడికీ కాదు. చదువెక్కడో అడగండి. "ఇంగ్లీషు మందులన్నీ ఆపెయ్యి, బీపీ షుగరు కూడా సూదులతోనే పోతాయి" అన్నవాడి దగ్గర ఒక్క నిమిషం కూర్చోవద్దు. కాలు పట్టు తప్పినా, మూత్రం అదుపు పోయినా, నొప్పితోబాటు జ్వరం వచ్చినా, బరువు తగ్గిపోతున్నా అది సూదులకి కాదు, నేరుగా ఆసుపత్రికి వెళ్ళాల్సిన కేసు.

నమ్మకం ఉన్నవాళ్ళు గుడ్డిగా వెళ్తున్నారు, లేనివాళ్ళు గుడ్డిగా తిడుతున్నారు. నొప్పి పడేవాడికి ఈ రెండూ అక్కర్లేదు, లెక్క కావాలి. మీలో ఎవరైనా వేయించుకున్నారా? ఎన్నో సిట్టింగుకి తేడా తెలిసింది?