దగ్గరి దారి సులువే, పొడవైన దారి సంగతేంటి?



తిరుమలకు నడిచి వెళ్లడానికి మనకు రెండు దారులు ఉన్నాయి. అలిపిరి నుంచి సుమారు 3,550 మెట్లు, 9 కిలోమీటర్ల నడక. శ్రీవారి మెట్టు నుంచి సుమారు 2,400 మెట్లు, 2 కిలోమీటర్ల పైచిలుకు. ఏది దగ్గర అంటే మూడో తరగతి పిల్లలైనా చెప్పేస్తారు. అదే ప్రశ్నను తిప్పి అడిగి చూడండి. ఒకసారి దాటిన కూడలికి మళ్లీ రాకుండా రైల్వే స్టేషన్ నుంచి అలిపిరికి వెళ్లాలి. అన్నిటికంటే పొడవైన దారి ఏది? ఫోన్‌లోని మ్యాప్ దీనికి జవాబు చెప్పదు.

ఈ రెండు ప్రశ్నల మధ్య ఉన్న తేడా మన పిల్లల చదువుకు చాలా అవసరమని నా అభిప్రాయం.

పిల్లల పత్రికల్లో వచ్చే ‘దారి చూపండి’ పజిల్‌ను గళ్ల కాగితం మీద ఊహించుకోండి. దగ్గరి దారికి ఒక తేలికైన పద్ధతి ఉంది. బయలుదేరే గడిలో 0 వేయాలి. దాన్ని ఆనుకున్న ఖాళీ గళ్లలో 1, వాటి పక్క గళ్లలో 2, ఇలా వేసుకుంటూ పోవాలి. గమ్యం గడిలో పడిన అంకే దగ్గరి దారి పొడవు. ఒక్కో గడిని ఒక్కసారి చూస్తే చాలు. ఎడ్వర్డ్ మూర్ 1959లో ప్రచురించిన ఈ పద్ధతినే పిల్లలు కోడింగ్ క్లాసులో బీఎఫ్ఎస్ పేరుతో నేర్చుకుంటున్నారు.

పొడవైన దారికి ఇది పనికిరాదు. పోయినంత దూరం పోవాలి. దారి మూసుకుపోతే ఒక అడుగు వెనక్కి వచ్చి ఇంకో మలుపు తిరగాలి. ఒక గడికి ఏ దారిన వచ్చామన్నదాన్ని బట్టి ముందున్న దారి మారిపోతుంది. కాబట్టి ఒకసారి చూసి టిక్కు పెట్టేయడం కుదరదు. గోడలేవీ లేని 4×4 గళ్లలో, వచ్చిన గడికి మళ్లీ రాకుండా, ఈ మూల నుంచి ఎదుటి మూలకు 184 దారులు ఉన్నాయి. 6×6 అయితే 12,62,816. చదరంగం బల్లంత 8×8 అయితే 78,936 కోట్లకు పైనే! గోడలు ఎక్కడున్నా సరే, ఎంత పెద్ద పటమైనా సరే, పొడవైన దారిని తొందరగా తేల్చే పద్ధతి ఇప్పటికీ ఎవరికీ తెలియదు.

మరి చేతులెత్తేయాలా? అక్కర్లేదు. ఆ 4×4 గళ్లకు చదరంగం బల్లలా నలుపు, తెలుపు వేయించండి. ప్రతి అడుగుకూ రంగు మారుతుంది. ఎదురెదురు మూలలు రెండిటిదీ ఒకే రంగు. మొత్తం 16 గళ్లూ తిరగాలంటే 15 అడుగులు వేయాలి. 15 బేసి సంఖ్య, అంటే చివరికి వేరే రంగు గడిలో తేలతాం. కాబట్టి 16 గళ్లూ తిరిగి ఎదుటి మూల చేరడం అసాధ్యం. 15 గళ్లు తిరిగే దారి మాత్రం ఉంది. ఇదే లెక్కన చదరంగం బల్ల మీద 63కు మించవు. ఆరో తరగతి పిల్లలు పెన్సిల్‌తో ఆలోచిస్తే అన్ని కోట్ల దారులు వెతికే పని తప్పింది.

ఇలాంటి ఆట మన నేలకు కొత్త కాదు. చదరంగంలో గుర్రాన్ని ప్రతి గడిలో ఒక్కసారే దిగేలా నడిపించడం కూడా ఇలాంటి చిక్కే. తిరుమల వేంకటేశ్వరుడి దయ మీద దయాశతకం రాసిన వేదాంత దేశికులు పాదుకాసహస్రంలో ఈ నడకతో శ్లోకాలు కూర్చారు. 32 అక్షరాల ఒక శ్లోకాన్ని 4×8 గళ్లలో రాసి గుర్రం నడకలో చదివితే మరో శ్లోకం వస్తుంది. అది సుమారు 700 ఏళ్ల కిందటి మాట. కంప్యూటర్ లేదు, ఓపిక ఉంది.

ఇప్పుడు అసలు విషయం. వారం వారం పెట్టే టెస్టులు, ఫౌండేషన్ కోర్సులు దాదాపు అన్నీ మొదటి రకం ప్రశ్నలు. పద్ధతి తెలిసినదే, వేగమే కావాలి. పోటీ పరీక్షలకు ఆ వేగం అవసరమే, కాదనను. కానీ రోజంతా అదే అయితే, జవాబు వెంటనే రాని ప్రశ్న ఎదురైనప్పుడు పిల్లలు “నాకు రాదు” అనేస్తారు. లేదా ఫోన్‌లో జవాబు వెతికి దించేస్తారు. రేపు కాలేజీలోనైనా, ఉద్యోగంలోనైనా ఎదురయ్యేవి ఎక్కువగా రెండో రకం ప్రశ్నలే.

ఇందులో మా బడుల బాధ్యత కూడా ఉంది. కోడింగ్ క్లాసులో ఎన్ని ప్రోగ్రాములు పూర్తయ్యాయో మీకు చూపిస్తాం. అందులో పిల్లలు సొంతంగా ఆలోచించింది ఎంతో చూపించం. ఫీజు కట్టేది మీరు కాబట్టి, ఈసారి పేరెంట్స్ మీటింగ్‌లో ఆ ప్రశ్న తప్పకుండా అడగండి.

ఇంట్లో చేయగలిగింది చాలా చిన్న పని. ఆదివారం ఒక అరగంట, ల్యాప్‌టాప్ పక్కన పెట్టి, గళ్ల కాగితం మీద 5×5 గడులు గీసి, మూడు నాలుగు గళ్లను గోడలుగా నలుపు చేసి ఇవ్వండి. పొడవైన దారి వెతకమనండి. మధ్యలో “ఇంకా అవ్వలేదా?” అనకండి. గీత గీశాక మాత్రం ఒక్క మాట అడగండి: “ఇంతకంటే పొడవైన దారి లేదని నీకెలా తెలుసు?”

జవాబు ఆ రోజే రానక్కర్లేదు. ఆ కాగితాన్ని ఫ్రిజ్ మీద అంటించి ఉంచండి. బుధవారమో గురువారమో, ఎవరూ అడక్కుండానే మీ అబ్బాయో అమ్మాయో మళ్లీ పెన్సిల్ పట్టుకుని దాని ముందు నిలబడితే, అది ఏ ప్రోగ్రెస్ కార్డులోనూ కనిపించని మార్కు.