ధాన్యం బ్యాంకుకు గింజ ఎక్కడిది?

గ్రామ ధాన్యం బ్యాంకులను ఎక్కడి నుంచో లారీల్లో వచ్చే బియ్యంతో నింపడం కంటే, చుట్టుపక్కల పొలాల్లో పండిన గింజను కొని నింపేందుకు స్వచ్ఛంద సంస్థలకు ప్రభుత్వం గ్రాంటు ఇవ్వడం మేలు.

కేంద్రం 1996-97లో గిరిజన ప్రాంతాల కోసం ధాన్యం బ్యాంకుల పథకాన్ని ప్రవేశపెట్టింది. 2004లో అది ఆహార, ప్రజా పంపిణీ శాఖ అజమాయిషీలోకి వచ్చింది. కుటుంబానికి క్వింటాలు చొప్పున గింజలు సమకూర్చి, పనులు లేని రోజుల్లో అప్పుగా ఇచ్చి, పంట చేతికొచ్చాక తిరిగి జమ చేసుకోవాలన్నది ఏర్పాటు. నిర్వహణను పంచాయతీలతో పాటు స్వచ్ఛంద సంస్థలకు కూడా అప్పగించవచ్చునన్నారు. గింజలు మాత్రం భారత ఆహార సంస్థ గోదాముల నుంచే రావాల్సి ఉండేది. అంటే ప్రధానంగా బియ్యం, గోధుమలు. సామలు, రాగులు పండించుకునే కుటుంబం అప్పు తెచ్చుకున్న బియ్యాన్ని దేనితో తీర్చాలి? సంతలో కొని తీర్చాలి కాబోలు!

నాటి మెదక్ జిల్లా జహీరాబాద్ ప్రాంతంలో 1990వ దశకం మధ్యలో జరిగింది వేరు. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ నిధుల తోడ్పాటుతో బీడుపడిన చెలకలను సాగులోకి తెచ్చేందుకు చిన్న రైతులకు అప్పులిచ్చింది. ఆ అప్పును నగదుగా కాక జొన్నలుగా తీర్చారు. ఆ జొన్నలు ఊళ్లోనే నిల్వ ఉండి, గడ్డుకాలంలో తక్కువ ధరకు పేదలకు అందాయి. ఏ ఇల్లు ఎంత పేదదో నిర్ణయించింది రెవెన్యూ కచేరీ కాదు, ఊరివాళ్లే. ఒకే రూపాయి బీడును సాగు చేయించింది, కూలీకి పని చూపింది, గాదెనూ నింపింది.

ఒడిశా 2017లో ప్రారంభించిన మిల్లెట్ మిషన్ ఇదే బాటలో మరికొంత ముందుకు వెళ్లింది. రాష్ట్ర ఖజానా నిధులతో స్వచ్ఛంద సంస్థలు ఊరూరా సాగుకు తోడ్పడగా, గిరిజనాభివృద్ధి సహకార సంస్థ మద్దతు ధరకు రాగులు కొన్నది. అవి చౌక ధరల దుకాణాలకు చేరాయి.

స్వచ్ఛంద సంస్థలన్నీ నిప్పు లాంటివని ఎవరూ అనరు. లెక్కలు అడిగే హక్కు ప్రభుత్వానికి ఉంది. అయితే గ్రాంటు విడుదలయ్యే వేళ కూడా లెక్కలోకి రావాలి. కొండల్లో రాగి పంట మార్గశిరంలో ఇంటికొస్తుంది. అప్పులున్న రైతు వారం ఆగలేడు. ఆర్థిక సంవత్సరం ముగింపులో, మార్చి చివర హడావుడిగా నిధులు విడుదల చేస్తే, అప్పటికి ఆ గింజ షావుకారు కొట్టులో ఉంటుంది. కోతలకు ముందే సగం సొమ్మయినా సంస్థ చేతిలో పడితేనే కొనుగోలు రైతు కల్లంలో జరుగుతుంది.