మోచేతి నొప్పి సొంత జబ్బా, ఉద్యోగపు జబ్బా?

సంపాదకులవారికి,

అయ్యా,

బెంగుళూరులో కంప్యూటరు ఉద్యోగములు చేయుచు మోచేతి నొప్పితో బాధపడుచున్న మన పిల్లలను గూర్చి నాలుగు మాటలు మీ పత్రిక ద్వారా మనవి చేయగోరుచున్నాను. ఈ నొప్పిని ఇంటివారు సుకుమారమనుచున్నారు. కార్యాలయమువారు ఉద్యోగి సొంత జబ్బనుచున్నారు. చట్టము దీనిని గూర్చి ఏమియు అనుట లేదు. ఇట్లు ఎవరికిని పట్టని నొప్పి చివరకు ఆ పిల్లలకే మిగులుచున్నది.

ముందు వ్యాధి స్వరూపము చెప్పుదును. మౌసుపై చేయి ఉంచినపుడు మణికట్టు కొంచెము పైకి ఎత్తబడి యుండును. దానిని అట్లు నిలిపియుంచు కండరములు ముంజేతి వెంబడి పోయి, మోచేతి వెలుపలి బుడిపె యొద్ద ఎముకను అంటుకొనియున్నవి. గంటలకొలది అవి సడలక బిగిసియున్నచో, అంటుకొన్న చోటనున్న స్నాయువు క్రమముగా దెబ్బతినును. మొదట సాయంకాలము సలుపు. పిదప కాఫీ గ్లాసు ఎత్తుట, తలుపు గడియ త్రిప్పుట, తడిబట్ట పిండుట కూడ కష్టమగును. వైద్యులు దీనిని 'టెన్నిస్ ఎల్బో' అందురు. 2004లో సచిన్ టెండూల్కరును కొంతకాలము ఆటకు దూరము చేసినది ఇదియే. ఆయన చేతికి వచ్చినపుడు దేశమంతయు విచారించినది. మన ఇంటి పిల్లకు వచ్చినపుడు మాత్రము, కూర్చుండి చేయు పనికి నొప్పి ఏమిటని అడుగుచున్నాము.

ఈ ప్రశ్నకు జవాబు ఏనాడో వచ్చినది. ఇటలీ దేశపు వైద్యుడు రామజ్జీని 1713లోనే వ్రాయసకాండ్ర జబ్బులను వర్ణించుచు, ఎడతెగక కూర్చుండుట, చేయి ఒకే తీరున కదలుట, మనస్సునకు విరామము లేకుండుట అను మూడు కారణములు చెప్పినాడు. టెలిగ్రాఫు మీట కొట్టువారికి వచ్చు చేతి పట్టును 1908లో బ్రిటనువారు నష్టపరిహారపు చట్టము క్రిందికి తెచ్చినారు.

నేను ముప్పది యేండ్లు టైపురైటరు మీద బ్రతికినవాడను. ఆ మీటలు గట్టివి. వ్రేళ్ళు నొచ్చిన మాట నిజమే. అయినను వరుస ముగియగానే ఎడమచేతితో క్యారేజి త్రోయవలెను. పుట ముగియగానే కాగితములు, కార్బన్లు సర్ది మరల ఎక్కింపవలెను. యంత్రమే చేతికి మార్పునిచ్చెడిది. కంప్యూటరులో ఆ పనులన్నియు ఒక నొక్కుతో ముగియుచున్నవి. పైగా 2020లో కోవిడు నాటినుండి ల్యాప్‌టాపు భోజనపు బల్ల మీదికి, మంచము మీదికి చేరినది. అందులో తెర, మీటలు ఒకదానికొకటి అతుకబడియున్నవి. తెర కంటికి సరిపడునట్లు పెట్టిన చేతికి సరిపడదు. చేతికి సరిపడునట్లు పెట్టిన మెడకు సరిపడదు.

మా కోడలు వైట్‌ఫీల్డులో ఒక కంపెనీ ఉద్యోగిని. కాఫీ ఫిల్టరు మూత విప్పలేని స్థితి వచ్చినపుడు, వేరే కీబోర్డు, చేతులానించు కుర్చీ కావలెనని అడిగినది. వైద్యుని చీటీ తెమ్మన్నారు. తెచ్చిన పిదప, పనివలననే వచ్చినదని చీటీలో ఎక్కడనున్నదన్నారు. వార్షిక మదింపు దగ్గరపడుటచే ఆమె అంతటితో ఊరకున్నది. పెండ్లి కావలసిన ఆడపిల్ల ఉన్న ఇండ్లలో తల్లిదండ్రులే చేతినొప్పి మాట బయట అనవద్దని హెచ్చరించుచున్నారు. దాచిన నొప్పి ముదురును.

పెద్దలకు ఒక మనవి. ఈ నొప్పికి బలమైన మర్దనా, పుత్తూరు కట్టు తగవు. విరిగిన ఎముకను కదలకుండ ఉంచవలెను గాని, ఈ స్నాయువునకు మితమైన కదలికయే మందు. ఫిజియోథెరపిస్టు చూపిన రీతిని, కొద్ది బరువు పట్టుకొని మణికట్టును మెల్లగా దింపు వ్యాయామము వారముల తరబడి చేయవలెను. స్టెరాయిడు సూదికి తొందరపడరాదు. సూది వేయించుకొన్నవారు ఆరు వారములకు మేలుగానున్నను, ఏడాది నాటికి తక్కినవారికంటె వెనుకబడిరని 2006లో ఆస్ట్రేలియా పరిశోధకులు ప్రకటించినారు. మౌసును శరీరమునకు దగ్గరగా ఉంచుకొని, అరగంటకొకసారి చేయి దించి సడలింపవలెను. వ్రేళ్ళలో తిమ్మిరియున్నచో ఆలసింపక వైద్యునికి చూపవలెను.

ఇంటి జాగ్రత్త ఒక యెత్తు, చట్టము మరియొక యెత్తు. పదేపదే బలము పెట్టి చేయు పనివలన వచ్చు మోచేతి వ్యాధిని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2010 నాటి తన వృత్తి వ్యాధుల పట్టికలో చేర్చినది. తెర ముందు పనిచేయువారి బల్లను, కుర్చీని యజమాని పరీక్షింపవలెననియు, మధ్యమధ్య విరామమో పని మార్పో ఉండవలెననియు ఐరోపా దేశములకు 1990లోనే ఆదేశము వెలువడినది. మన దేశమున 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చిన వృత్తి భద్రతా స్మృతిలో, ప్రభుత్వమునకు తప్పక తెలుపవలసిన వ్యాధుల పట్టిక కలదు. అందులో సీసపు విషము, పాదరసపు విషము, రాతి ధూళివలన వచ్చు ఊపిరితిత్తుల జబ్బు, మోతవలన వచ్చు చెవుడు ఉన్నవి. ఇట్టి చేతి జబ్బులు మాత్రము లేవు.

మౌసు కదుపుటకు బలమెక్కడిదని యజమానులు అడుగవచ్చును. మోచేతి నొప్పి అంతయు కంప్యూటరు పనివల్లనే వచ్చునని నేననుట లేదు. వడ్రంగులకును, బట్టలు పిండువారికిని వచ్చును. అయితే ఆ సందేహము తీరుటకైనను నమోదు ఉండవలెను గదా. లెక్కకెక్కని వ్యాధికి కారణమెవరు తేల్చగలరు? ఈ నగరపు వైద్యుడు దీపక్ శరణ్, ఆయన సహచరులు కంప్యూటరు ఉద్యోగుల కండరముల నొప్పులను గూర్చి 2011లో పరిశోధన ప్రకటించినారు. ఒక వైద్యుని శ్రమ ప్రభుత్వపు లెక్కకు బదులు కాజాలదు.

కావున కేంద్ర ప్రభుత్వమువారు ఈ వ్యాధిని పట్టికలో చేర్చవలెననియు, కంపెనీలవారు ల్యాప్‌టాపు ఇచ్చునపుడే వేరే కీబోర్డు, మౌసు, తగిన కుర్చీ కూడ ఇయ్యవలెననియు కోరుచున్నాను. వయ్యాలికావలులోని తెలుగు విజ్ఞాన సమితివారు నెలకొక ఆదివారము ఫిజియోథెరపిస్టును పిలిపించి మన పిల్లల చేతులు చూపించినచో గొప్ప ఉపకారమగును. ఆ పిల్లల సంపాదన మీద మన ఇండ్లు నడచుచున్నవి. వారి చేతుల సంగతి విచారించుట మన విధి.

ఇట్లు,
ఒక విశ్రాంత టైపిస్టు,
మల్లేశ్వరము, బెంగుళూరు.