నాలుగు పైసల ఆదా



పోయిన ఆదివారం మీ పత్రికలో నీటి ధరల మీద వచ్చిన వ్యాసం చదువుతుంటే చేతిలో కాఫీ చల్లారిపోయింది. నీళ్లు ఊరికే దొరకబట్టే జనం పారబోస్తున్నారట, ధర పెంచితే దారికొస్తారట! రాసినాయన ఏనాడూ అపార్ట్‌మెంట్‌లో ఉన్నట్టు లేదు.

మాది నిజాంపేటలో 24 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. ఇంట్లో నేనూ మా ఆవిడా, ఇద్దరమే. లెక్కల మాస్టారుగా రిటైరైనవాణ్ణి, కొలవకుండా ఉండలేను. మాకు అన్నిటికీ కలిపి రోజుకి పది బకెట్లు. బకెట్టు ఇరవై లీటర్లనుకున్నా నెలకి 6,000 లీటర్లు. మొన్న ఏప్రిల్‌లో బోరు ఎండిపోతే నెలలో 48 ప్రైవేటు ట్యాంకర్లు తోలించాం. ఐదు వేల లీటర్లది వెయ్యి రూపాయలు. ఆ 48,000ని ఇరవై నాలుగుతో భాగించి ఇంటికి 2,000 కట్టమన్నారు. అంటే మేమిద్దరం ట్యాంకరు నీళ్లే పది వేల లీటర్లు వాడేశామన్నమాట!

మా పై ఫ్లాట్‌లో ఏడుగురు, రెండు కార్లు. పొద్దున్నే ఆయన పైపు పట్టుకుంటే నీళ్లు ర్యాంపు మీంచి గేటు కిందుగా రోడ్డెక్కుతాయి. ఆయన కట్టిందీ రెండు వేలే. కార్లు కడగడం మానేసి ఆయన ఒక్క రూపాయి నీళ్లు మిగిలిస్తే, ఆయన జేబులో మిగిలేది నాలుగు పైసలు. మిగతా తొంభై ఆరూ మాకందరికీ పంచుతాడు. ధర రెట్టింపు చేయండి, ఎనిమిది పైసలవుతుంది. ఎనిమిది పైసల కోసం ఎవరు పైపు కట్టేస్తారండీ?

ఇంటింటికీ మీటరు పెడదామని అసోసియేషన్ మీటింగులో నేనే లేచి అడిగాను. పైట్యాంకు నుంచి ఒక్కో ఫ్లాటుకి మూడు పైపులు దిగుతాయి, బాత్రూములకి రెండు, వంటింటికి ఒకటి. మొత్తం 72 మీటర్లు కావాలి. సెక్రటరీ నవ్వి, "మాస్టారూ, ఇంట్లో ఏమీ తోచట్లేదా?" అన్నాడు. లిఫ్టుకి ఏ రంగు వేయాలన్న చర్చకి మాత్రం ముప్పావుగంట పట్టింది.

నీళ్ల వాడకం తగ్గించిన కేప్‌టౌన్ పేరు చెప్పి ఆ వ్యాసంలో మనల్ని సిగ్గుపడమన్నారు. 2018 ఫిబ్రవరి నుంచి అక్కడ మనిషికి రోజుకి 50 లీటర్లే అని ఆంక్ష పెట్టిన సంగతి మాత్రం మింగేశారు. అది ఒక్క ధర చేసిన పనా?

2021లో హైదరాబాద్‌లో మొదలైన నెలకి 20 వేల లీటర్ల ఉచిత నీటి మీద ఆ వ్యాసకర్త విసిరిన విసుర్లలో సగం ఒప్పుకుంటాను. మనిషికి రోజుకి 135 లీటర్ల చొప్పున నలుగురికి నెలకి 16,200 చాలు. ఆ 20 వేల గీత దాటనంత వరకూ మిగిల్చినా, పారబోసినా బిల్లు సున్నాయే. కానీ ట్యాంకరు నీళ్లు లీటరు ఇరవై పైసలకి కొంటున్న నాకు, ఊరికే తాగుతున్నావని చెబితే ఒళ్లు మండదా?

ధర పెరిగితే వాడకం తగ్గుతుందంటారు కదా. మీరు పేపరు ధర పెంచారు, ఆదివారం అనుబంధంలో పేజీలు తగ్గించారు, పదకేళి గళ్లు చత్వారం కళ్లకి ఆననంత చిన్నవి చేశారు. నేను చందా మానానా? పొద్దున్నే పేపరు లేనిదే గడవదు కాబట్టి తిట్టుకుంటూ కడుతున్నాను. అన్నం వండుకునే నీళ్లూ అంతే, ఎంత ధర పెట్టినా పెద్దగా తగ్గవు. తగ్గేవి కారు మీద పోసేవి. ఆ ధర కారాయన దాకా వెళ్లే దారే మా అపార్ట్‌మెంట్‌లో లేదు.

వచ్చే ఆదివారం పదకొండింటికి మళ్లీ మీటింగుంది. ఆ వ్యాసకర్త గారిని ఒక్కసారి పంపించండి. ఆ 72 మీటర్ల సంగతి ఆయనే చెప్పాలి, నేను చెబితే వినరు.

– ఓ పాత చందాదారు, నిజాంపేట, హైదరాబాద్