మాగాణి మినుము

వదినలూ, దివిసీమ చూడాలంటే సంక్రాంతి వెళ్ళాక రండి. వరి కోసిన మాగాణంతా మినుము పచ్చగా పరుచుకుని ఉంటుంది. కోతకు 2, 3 రోజుల ముందే, వరి నిలబడి ఉండగానే, తడి పదునులో విత్తనం చల్లేస్తారు. దున్నేదీ లేదు, నీరు పెట్టేదీ లేదు. నేల పదునూ మంచూ తాగి 70, 80 రోజుల్లో పంట చేతికొస్తుంది. మన గారెలూ సున్నుండలూ ఆ చలవే!

1977 నవంబరు 19 ఉప్పెనలో ఉప్పునీరు ముంచిన నేలలివి. ఎంతో కష్టపడి దారికి తెచ్చుకున్నారు. ఇప్పుడు పక్కనే రొయ్యల చెరువు తవ్వితే, ఉప్పు ఊటకి గట్టు వారనున్న మినుము మాడిపోతోంది. కౌలు ఎక్కువొస్తుందని మా అన్నయ్యలదీ చెరువు మాటే. నాకు పసుపు కుంకుమల కింద ఇచ్చిన ఎకరం మాత్రం ఇవ్వనన్నాను. నవ్వారు, నవ్వనివ్వండి! ఈ ఏటి మినుములు బాగా ఎండబెట్టి, ఎండు వేపాకు వేసి డబ్బాల్లో పోశాను.