మత్తుమందు పరీక్షకు సంతకం ఎవరిది?

ఆపరేషన్ అనగానే కోత ఎంత పడుతుంది, కుట్లు ఎప్పుడు విప్పుతారు, ఖర్చెంతవుతుంది అని మన ఇళ్ళలో వందసార్లు అడుగుతాం. మత్తు ఏది ఇస్తారని అడిగేవాళ్ళు మాత్రం తక్కువ. సిజేరియన్లు, కు.ని. ఆపరేషన్లు, గర్భసంచి తీసివేతలు... ఆపరేషన్ బల్ల మన ఆడవాళ్ళకేమీ కొత్త కాదు. మరి ఆ మత్తుమందుల్ని ఎవరి మీద, ఎలా పరీక్షిస్తారో కాస్తయినా తెలుసుకోవద్దూ?

ఈ పరీక్షల చరిత్రలో మన హైదరాబాదుకూ చోటుంది. క్లోరోఫాం ఇస్తే కొందరు బల్ల మీదే ఎందుకు చనిపోతున్నారో తేల్చడానికి 1888లోనూ, 1889లోనూ అక్కడ రెండు కమిషన్లు పనిచేశాయి. డబ్బు నిజాం ప్రభుత్వానిది, పట్టుదల ఎడ్వర్డ్ లారీ అనే డాక్టరుది. వందల కుక్కలకు క్లోరోఫాం ఇచ్చి చూసి, ముప్పు ఊపిరికే గానీ గుండెకు కాదని తేల్చారు. 1911లో లండన్లో గుడ్‌మన్ లెవీ అనే ఆయన, క్లోరోఫాం మత్తు తేలిగ్గా ఉన్నప్పుడు గుండె కూడా ఉన్నట్టుండి ఆగిపోగలదని చూపించారు. అంతమంది పెద్దలు కూర్చుని తేల్చిన మాట కూడా తప్పయిందన్నమాట. అందుకే మందును ఒకసారి చూసి వదిలెయ్యకూడదు, పదేపదే పరీక్షించాలి.

ఆ పరీక్షల్లో మనం లేకపోతే ఏమవుతుందో కూడా చూడండి. గర్భంలో బిడ్డకేమైనా అవుతుందన్న భయంతో 1977లో అమెరికా ఔషధ సంస్థ, పిల్లలు పుట్టే వయసులో ఉన్న స్త్రీలను కొత్త మందుల తొలి దశ పరీక్షల్లోకి తీసుకోవద్దంది. 1993లో గానీ ఆ మాట వెనక్కి తీసుకోలేదు. మగవాళ్ళ ఒంటికి కుదిరిన మోతాదు మనకూ సరిపోతుందనే ధీమా కాబోలు! 1999లో అమెరికాలోనే వెలువడిన ఒక పరిశీలనలో, మత్తు ఆపేశాక ఆడవాళ్ళు సగటున 7 నిమిషాల్లో కళ్ళు తెరిస్తే మగవాళ్ళకు 11 నిమిషాలు పట్టింది. ఆడవాళ్ళను కూడా చేర్చుకుని చూశారు కాబట్టే ఆ తేడా తెలిసింది.

గర్భిణి సంగతి మరీ వేరు. బుపివకెయిన్ అనే మందును కాన్పు నొప్పులు తెలియకుండా నడుము దగ్గర ఎపిడ్యూరల్‌గా ఇస్తారు. దాన్ని 0.75 శాతం గాఢతలో ఇచ్చినప్పుడు అమెరికాలో కొందరు తల్లుల గుండె ఆగిపోయి ప్రాణాలు పోయాయి. 1984 నాటికి ఆ గాఢతను కాన్పుల్లో అలా వాడకూడదన్నారు. భయపడకండి, అదే మందును తగిన మోతాదులో ఇవాళ్టికీ మన సిజేరియన్లలో వెన్నులోకి ఇస్తూనే ఉన్నారు. ఆ 'తగిన మోతాదు' ఏదో తెలిసింది కూడా జాగ్రత్తగా చూసి, లెక్కకట్టి రాసుకున్నందువల్లే.

కాబట్టి పరీక్ష అంటేనే పారిపొమ్మని నేననను. కానీ చెప్పి చెయ్యాలి కదా! బోధనాసుపత్రుల్లో పీజీ డాక్టర్లు థీసిస్ కోసం రెండు మత్తుమందుల్నో, రెండు మోతాదుల్నో పోల్చి చూస్తుంటారు. పెద్దాసుపత్రికి వచ్చేది ఎక్కువగా పేదింటి ఆడవాళ్ళే. 2017 నాటి ఐసీఎంఆర్ మార్గదర్శకాలూ, 2019 నాటి క్లినికల్ ట్రయల్స్ నిబంధనలూ ఏం చెబుతున్నాయో వాళ్ళకు తెలియాలి. ఎథిక్స్ కమిటీ ఒప్పుకుంటేనే పరీక్ష మొదలుపెట్టాలి. మనకు అర్థమయ్యే భాషలో చెప్పి, రాతపూర్వకంగా ఒప్పుకోలు తీసుకోవాలి. చదువు రాకపోతే, ఆ డాక్టర్లకు సంబంధం లేని సాక్షి ముందు చదివి వినిపించాలి. వద్దన్నా మామూలు వైద్యం ఆపకూడదు. మధ్యలో మానుకోవచ్చు. పరీక్ష వల్ల హాని జరిగితే వైద్యం ఉచితంగా చెయ్యాలి.

కాగితం మీద ఇన్ని ఉన్నా మన దగ్గర జరిగేదేమిటి? "ఆమెకేం తెలుసండీ, ఇటివ్వండి" అని మొగుడో, మామగారో కాగితం అందుకుని సంతకం గీకేస్తారు. వాళ్ళకు ప్రేమ లేదని కాదు. కానీ మందు ఎక్కేది ఎవరి ఒంట్లోకి? తెలివిలో ఉన్న మనిషి, తన మంచీ చెడూ తెలిసిన మనిషి, తన ఒప్పుకోలు తనే చెప్పాలి. అత్తగారితోనో అమ్మతోనో ఆలోచించుకోవచ్చు, సంతకం మాత్రం ఆమెదే కావాలి.

ఇంకొక్క మాట. నొప్పులు పడుతూ స్ట్రెచర్ మీదున్న మనిషి ముందు కాగితం పెడితే ఆమె దేనికైనా తలూపుతుంది. దాన్ని ఒప్పుకోలంటారా? ఏడో నెలలోనో ఎనిమిదో నెలలోనో చూపించుకోవడానికి వచ్చినప్పుడే కూర్చోబెట్టి చెప్పాలి. కాగితం ఇంటికి పంపాలి. నాలుగు రోజులు ఆలోచించుకోనివ్వాలి. ఆసుపత్రులకు ఇదేమంత కష్టమైన పని కాదు.

మనం కూడా నోరు విప్పాలి. "ఇది అందరికీ ఇచ్చే మత్తేనా, పరీక్షా? తేడా ఏమిటి? నా కాగితం నకలు నాకిస్తారా?" అని అడగండి. విసుక్కుంటే విసుక్కోనివ్వండి. చీర కొనేటప్పుడు పది మడతలు విప్పించి చూసే మనం ఒంట్లోకి వెళ్ళే మందు గురించి మూడు ప్రశ్నలు అడగలేమా?